తువ్వాలు కింద చెయ్యి

స్పెయిన్‌లో నాతో చదివిన ఆదోని అన్న మెడలో ఎప్పుడూ తువ్వాలు ఉండేది. వాళ్ల నాన్న పత్తి యార్డులో దళారి. మాటల్లేకుండా, తువ్వాలు కింద రైతు వేళ్లు నొక్కి ధర తేల్చేవాడట.

క్లాసులు మొదలైనా మాకు గది దొరకలేదు. నాలుగు రోజులకని దిగిన హాస్టల్ ఖాళీ చేసిన రోజు, సంచులతోనే ఒక ముసలావిడ ఇంటికి వెళ్లాం. అద్దె చాలా ఎక్కువ చెప్పింది. బతిమాలడానికి మాకు భాష రాదు. అన్న గబుక్కున ఆవిడ చేతి మీద తువ్వాలు కప్పి వేళ్లు నొక్కాడు. అది బేరమని ఆవిడకేం తెలుసు? బెదిరిన పిల్లవాడనుకుని రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది.

అద్దె మాత్రం తగ్గలేదు. మెట్లు దిగుతూ అడిగాను.

"బేరం తెగదని తెలిసినాంక గూడా సెయ్యి తీసుకోలేదేమన్నా?"

"ఈ దేశానికొచ్చినాంక నా సెయ్యి ఎవురు పట్టుకున్యారప్పా?"