రాయచోటికి పోయిన గుర్తింపు

పెంచలయ్యకు ఫోన్ల మోజు లేదు. కువైట్‌కు వచ్చి ఇన్నేళ్లయినా ఫోనంటే అతనికి శుక్రవారం ఇంటికి మాట్లాడుకునే పెట్టె, అంతే. మొదట ఎడారిలో గొర్రెలు కాశాడు. తర్వాత కంపెనీ వీసా దొరికి, దజీజ్‌లోని ఒక కోల్డ్ స్టోరేజీ గోడౌన్లో కోడిమాంసం అట్టపెట్టెలు దించే పనికి కుదిరాడు. బయట నిప్పులు కురుస్తుంటే లోపల ఉన్నిటోపీ పెట్టుకుని తిరిగే ఉద్యోగం. పనిలో ఎవరి చేతా ఒక్క మాట పడింది లేదు. అలాంటివాడికి ఒక పాత ఫోను వల్ల ప్రాణం మీదికి వచ్చింది.

మనవాళ్లలో ఎవరైనా సెలవుకు ఇంటికి బయల్దేరితే చాలు, చుట్టుపక్కల రూములవాళ్లంతా పొట్లాలు పట్టుకుని వాలిపోతారు. సబ్బులు, పాలపొడి డబ్బా, నొప్పుల మందు, ఆపైన ఒక పాత ఫోను. పక్క రూము బాలసుబ్బయ్య ఊరికి పోతున్నాడని తెలిసి పెంచలయ్య కూడా ఒక కొత్త ఫోను కొనుక్కుని, పాతదాన్ని భార్య వెంకటేశ్వరికి పంపాడు. ఫోటోలు తుడిచాడు, పాటలు ఉంచాడు. గుర్తింపు కార్డు యాప్‌ను మాత్రం ముట్టుకోలేదు. ముఖం చూపించి, పాస్‌పోర్టు చూపించి తన పేరు మీద ఎక్కించుకున్న ప్రభుత్వ యాప్ అది. కువైట్ యాప్ రాయచోటి పక్క పల్లెలో ఏం పనిచేస్తుందిలే అనుకున్నాడు మహానుభావుడు. జేబులో కార్డు ఉండనే ఉంది కదా.

యాప్ రాయచోటిలో నిక్షేపంగా పనిచేసింది.

ఆ సంగతి మొన్నొక బుధవారం పొద్దున గోడౌన్ గేటు దగ్గర బయటపడింది. పని అనుమతి లేనివాణ్ని పెట్టుకున్నారని తేలితే కంపెనీకి తాళం పడుతుందని భయపడి, మేనేజరు ఆ వారం నుంచే కొత్త పద్ధతి పెట్టాడు. లోపలికి వచ్చే ప్రతి మనిషి అనుమతినీ గేట్లోనే కంప్యూటర్లో చూడాలి. చూసేవాడు టైమ్‌కీపర్ సిరాజ్, ఇతనిలాగే రాయచోటివాడు. అతను పెంచలయ్య కార్డు నంబరు కొట్టి ముఖం చిట్లించాడు.

“పెంచలన్నా, నీ పర్మిట్ ఈ పొద్దుతో ఖలాస్. కంపెనీ రెన్యువల్ పెడితే నువ్వే వద్దన్నావంట.”

“నేనా? నేనెందుకు వద్దంటా సామీ?”

“యాప్‌లో వచ్చింది గదా, ఒప్పుకుంటే పచ్చది, లేకుంటే ఎర్రది నొక్కమని. వచ్చినప్పుడల్లా ఎర్రది నొక్కినావంట. వీనికి వేరే యాడో పని దొరికిందేమోనని మందూబ్ మండిపడతాండాడు.”

మందూబ్ అంటే కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. పెంచలయ్యకు అప్పుడు వెలిగింది. యాప్ ఉన్నది ఆ పాత ఫోనులో. ఫోనున్నది వెంకటేశ్వరి చేతిలో.

ఆమెను తిట్టడానికీ లేదు. ఈమధ్యే పక్కింటి సిద్ధమ్మకు ఎవడో కొడుకు గొంతుతో ఫోన్ చేసి, ఆస్పత్రిలో ఉన్నా, స్నేహితుని ఫోన్ ఇది, తెర మీద ఒక పచ్చ గుర్తు వస్తాది నొక్కమన్నాడు. నొక్కింది. బ్యాంకు ఖాతా ఊడ్చుకుపోయింది. అప్పట్నుంచీ ఊరంతా తెలియనిది ఏదొచ్చినా ఎర్రదే నొక్కుతోంది.

“కొత్త ఫోన్లో ఎక్కించుకోవాలంటే పాస్‌పోర్టు కావాల. అది కంపెనీ సాల్మియా ఆఫీసులో ఉంది, ఈ పొద్దు కాదు,” అన్నాడు సిరాజ్. “మందూబును బతిమాలినా. ఇంకొక్కసారి పంపుతాడు, ఆఖరిసారి. ఇదీ పోతే నిన్ను ఈ గేటు దాటించలేనన్నా. ఆ తర్వాత ఇఖామా పోతాది, ఈ దేశంలో ఉండే అనుమతే ఉండదు, టికెట్టు కొట్టి ఇంటికి పంపుతారు.”

పెంచలయ్య ఫోనులో బ్యాలెన్సు లేదు. సిరాజ్ తన ఫోన్ ఇచ్చాడు. తెలియని నంబరు కాబట్టి వెంకటేశ్వరి ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఎట్టకేలకు ఎత్తింది. టమాటా తోటలో ఉన్నట్టుంది, వెనకాల కూలోళ్ల కేకలు.

“ఎవురు?”

“నేనే, పెంచలయ్యను.”

“ఏ పెంచలయ్య?”

“నీ మొగుడు పెంచలయ్యను! ఇది సిరాజ్ ఫోను. ఇప్పుడొకటి వస్తాది, పచ్చది నొక్కు.”

కంగారులో అన్నాడు గానీ, సిద్ధమ్మతో ఆ దొంగ అన్నదీ దాదాపు ఇదే.

“స్నేహితుని ఫోనా? పెట్టెయ్.”

“పెట్టొద్దే! నా గొంతు గుర్తుపట్టలేదా నువ్వు?”

“గొంతుదేముంది? మిషన్లు గూడా మాట్లాడతాండాయి.”

వీడియో పెట్టాడు. తోటలో సిగ్నల్ అంతంతమాత్రం. అతని ముఖం ఆమెకు బూడిదరంగు గళ్లుగా తప్ప కనిపించలేదు. “పంపినాడన్నా,” అన్నాడు సిరాజ్, “కాసేపే ఉంటాది, తొందరగా.” దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, కంపెనీ ఒప్పుకుంది, సర్కారు ఒప్పుకుంది, కట్టుకున్నదే ఒప్పుకోవడం లేదు.

“నువ్వు ఆయనే అయితే ఒకటి అడుగుతా,” అంది వెంకటేశ్వరి. “మా దేవిక ఇప్పుడేం చదువుతాంది?”

పెంచలయ్యకు తెలియదు. ప్రతి శుక్రవారం కూతురి గురించి అడుగుతాడు. బిడ్డ చదువుతాందా అంటాడు, చదువుతాందని ఆమె అంటుంది, ఊఁ కొట్టి వేరే మాటలోకి పోతాడు. వేళ్ల మీద లెక్కేసుకుందామంటే బుర్ర పనిచేయలేదు. సిరాజ్ ఒక కన్ను కంప్యూటర్ మీద, ఒక కన్ను ఇతని మీద వేసి చూస్తున్నాడు.

“పదో తరగతి,” అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

అవతల ఏమీ వినిపించలేదు. ఫోను పెట్టేసిందనుకున్నాడు. పని పోయినట్టేనని అక్కడే గోడకు చేరగిలబడ్డాడు.

“వచ్చిందన్నా, ఒప్పుకున్నట్టు వచ్చింది!” సిరాజ్ కుర్చీలోంచి లేచాడు. “యల్లా, లోపలికి పో.”

పెంచలయ్యకు నమ్మకం కలగలేదు. “పచ్చది నొక్కినావా? నేనేనని ఎట్ల తెలిసింది?”

“దొంగోడైతే నాలుగు చోట్ల కనుక్కోని వచ్చి సరిగ్గా చెప్పేవాడు,” అంది వెంకటేశ్వరి. “బిడ్డ నర్సింగు కాలేజీలో చేరింది. చేరిన పొద్దు నీకు చెప్తే ఊఁ అన్నావు. అది గూడా తెలియనోడు నా మొగుడొక్కడే.”

ఫోను కట్టయింది. బతికిపోయానన్న సంతోషం పెంచలయ్యకు రాలేదు, సిగ్గుతో చచ్చిపోయాడు. తోటి పనోళ్లు ఒక్కొక్కరే గేటు దాటి లోపలికి పోతున్నారు. సిరాజ్ ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

“ఇంకొక్కసారి ఇంటికి కలుపు సామీ,” అన్నాడు పెంచలయ్య. “బిడ్డతో మాట్లాడాల. దాని నంబరు నా దగ్గర లేదు.”