నగద్ రామ్‌కిషన్ నడుము సంచి

మొగుడంపల్లి మొదలుకొని జహీరాబాద్ దాకా అల్లం పండించే ఏ రైతునైనా నగద్ రామ్‌కిషన్ ఇల్లెక్కడ అని అడగండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తాడు. ఉత్త రామ్‌కిషన్ అంటే మాత్రం ఏ రామ్‌కిషన్ అని మిమ్మల్నే ఎదురడుగుతాడు. చొక్కా కింద, ధోతి ముడికి కాస్త పైన, నడుముకు చుట్టుకున్న ఖాకీ గుడ్డ సంచి ఒకటుంటుంది ఆయనకు. అందులో ఎప్పుడు చూసినా లక్షో రెండు లక్షలో ఉంటాయి. చేనులో అల్లం తవ్వించి, కాటా పెట్టించి, ఆ గట్టు మీదే కూర్చుని నోట్లు లెక్కపెట్టి రైతు చేతిలో పెడతాడు. రేపు రా, ఎల్లుండి రా అనే మాట ఆయన నోట రాదు. అందుకే వేరే బేరగాడు కిలోకు రూపాయి ఎక్కువిస్తానన్నా రైతులు ఈయనకే తూస్తారు.

ఇంతటి మనిషికి ఫోన్లో పైసలంటే మాత్రం గిట్టదు. మిర్చిబజ్జీల బండికి కూడా గళ్ళగళ్ళ అట్టముక్క వేలాడుతున్న ఈ రోజుల్లో ఆయనొక్కడే నోటు తీస్తాడు. తీసి ఊరుకుంటే బాగుండేది, ఉపన్యాసం కూడా ఇస్తాడు. హైవే పక్క టీ హోటల్లో బల్ల మీద కాలు మీద కాలేసుకుని మొదలుపెట్టాడంటే టీ చల్లారిపోవాల్సిందే.

"కంటికి కనబడని పైసలు పైసలెట్లయితయివయా? చేతిల పట్టుకుంటె బరువుండాలె. నగదంటె నగదే!"

"అవునే అన్నా, నువ్వన్నది నిజమే," అని వినేవాళ్ళు టీ గ్లాసుల్లోకి చూసేవాళ్ళు. తన మాటకు ఎదురు చెప్పే మొనగాడు లేడని రామ్‌కిషన్ లోలోపల మురిసిపోయేవాడు.

ఈ సిద్ధాంతమంతా ఆయన సొంతంగా అల్లుకున్న కట్టుకథ. నగదు మీద ఆయనకు ప్రేమా లేదు, దోమా లేదు. మూడేళ్ళ కిందట బామ్మర్ది ప్రేమ్‌సాగర్ లారీ కొంటానంటే బ్యాంకులో అప్పుకు జమానతు సంతకం పెట్టాడు. సొంత తమ్ముడే అయినా భార్య సావిత్రమ్మ వద్దని మొత్తుకుంది. "నా సంతకానికి జహీరాబాద్ల ఇజ్జత్ ఉంది" అంటూ కలం తీశాడు. లారీ ఏడాది తిరిగింది. ఆ తర్వాత లారీ జాడా లేదు, ప్రేమ్‌సాగర్ జాడా లేదు. బ్యాంకువాళ్ళు రామ్‌కిషన్ ఖాతాను పట్టుకున్నారు. అందులో రూపాయి పడితే చాలు, లారీ అప్పు కింద బ్యాంకు మింగేస్తుంది. వద్దని మొత్తుకున్న భార్య ఖాతాలో దాచుకోవడానికి మొహం చెల్లక, ఇంక డబ్బు పెట్టుకోవడానికి నడుము తప్ప ఆయనకు వేరే చోటు లేకపోయింది.

ఈ సంగతి పైకి పొక్కితే? సొంత బామ్మర్ది చేతిలో మోసపోయినవాణ్ని నమ్మి రేపు అల్లం ఎవరు తూస్తారు? అదీ ఆయన భయం. భయమని ఒప్పుకోవడానికి కూడా నామోషీ వేసి దానికి సిద్ధాంతం అని పేరు పెట్టుకున్నాడు.

ఆయన దగ్గర అల్లం కడిగే ఆడవాళ్ళకు పెద్ద బస్వమ్మ. సీజనంతా తొట్టి నీళ్ళలో నిలబడి అల్లానికి పట్టిన మట్టి వదిలించడం ఆమె పని. నీళ్ళలో నాని నాని పాదాలు పగిలి పుండ్లు పడ్డాయి. ఒక పాడి బర్రె కొనుక్కుంటే పాలకేంద్రానికి పాలు పోసుకుంటూ ఈ నీళ్ళ నుంచి బయటపడొచ్చని ఏళ్ళ తరబడి కూలి డబ్బులు ఖాతాలో కూడబెట్టింది.

"అన్నా, సంతల బేరం నువ్వే జెయ్యాలె. ఆడదాన్ని జూస్తె రెండింతలు జెప్తరు," అని అడిగింది.

"ఫికర్ జెయ్యకు బస్వమ్మా, నేనున్న గద," అన్నాడు రామ్‌కిషన్.

జహీరాబాద్ పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటారు. ఏ వేలు పట్టి నొక్కితే ఎంతో వాళ్ళిద్దరికే ఎరుక. చుట్టూ నిలబడ్డవాళ్ళు మొహాలు చూసి ఊహించుకోవాల్సిందే. వేళ్ళు ఒక ధర దగ్గర ఆగి చెయ్యి చెయ్యీ గట్టిగా ఒత్తుకున్నాయంటే మాట ఇచ్చినట్టు. అక్కడికక్కడే ఒక చేతిలో డబ్బు పడాలి, ఇంకో చేతిలోకి పలుపు రావాలి.

బీదర్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన బర్రె బస్వమ్మ కంట్లో పడింది. నల్లగా నిగనిగలాడుతూ, రెండో ఈతది, తలమీద చెయ్యేస్తే కదలకుండా నిలబడింది. రామ్‌కిషన్ తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. ముసలాయన వేళ్ళు బిగించాడు, రామ్‌కిషన్ సడలించాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు, రామ్‌కిషన్ వెళ్ళిపోతున్నట్టు లేచి మళ్ళీ కూర్చున్నాడు. చివరికి ఎనభై వేల దగ్గర చేతులు ఒత్తుకున్నాయి. చుట్టూ చేరినవాళ్ళు భలే బేరమన్నారు. బస్వమ్మ కొత్త పలుపు ముందే కొని ఉంచుకుంది, దాన్ని విప్పి పట్టుకుని ఫోను తీసింది.

ముసలాయన గీతల లుంగీ మడత లోంచి బటన్ల ఫోను తీసి చూపించాడు. "నా దాంట్ల గవన్ని రావమ్మా. నగద్ ఇస్తె పలుపు ఇస్త."

ఆదివారం. బ్యాంకు మూసి ఉంది. పొద్దున్నే బస్వమ్మ ఏటీఎంలు చూసి వచ్చింది, వాటిలో డబ్బు లేదు. అయినా ఆమె మొహంలో ఏ కంగారూ లేదు. రామ్‌కిషన్ వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు నగదియ్యి. నేను..."

"నా దగ్గర లేవు," అన్నాడు రామ్‌కిషన్.

ఆమె మాట పూర్తి కానేలేదు. మూడేళ్ళుగా అలవాటైన నాలుక ఆయనకంటే ముందు పరుగెత్తింది. నేను నీ ఫోన్‌కు పైసలు కొడతా అంటుంది, నంబరు చెప్పమంటుంది. ఇంతమందిలో నాకు నంబరు లేదనాలి, ఎందుకు లేదంటే ఖాతా సంగతి చెప్పాలి. అది తప్పించుకోవాలనే తొందరలో మాట జారింది. సావిత్రమ్మ ఖాతా ఉంది కదా, ఆమె నంబరు చెప్తే పోయేది కదా అని తట్టేసరికి మాట బయటపడిపోయింది. వెనక్కి తీసుకోవడమెట్లా?

బస్వమ్మ నోరు మూసుకుంది. ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి చూపు దించుకుంది. ముసలాయన మాత్రం చూపు దించలేదు. చొక్కా కింద ఉబ్బెత్తుగా ఉన్న సంచి వైపు తీరిగ్గా చూశాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"తువ్వాల కింద చెయ్యి పెట్టెటప్పుడు నడుం సంగతి యాదికుండాలె సావ్కార్," అన్నాడు.

రామ్‌కిషన్‌కు చెవులు వేడెక్కాయి. సంచి అక్కడే విప్పి పారేయాలనిపించింది. విప్పితే అబద్ధం రుజువవుతుంది, విప్పకపోతే బర్రె పోతుంది. ఆ ఊగిసలాటలోనే న్యాల్‌కల్ నుంచి వచ్చినవాడెవడో ముందుకొచ్చి నోట్లు పెట్టి పలుపు అందుకున్నాడు. బర్రెను ఎక్కించుకొద్దామని మాట్లాడుకున్న ట్రాలీ ఆటో ఖాళీగా వెనక్కి వచ్చింది. బస్వమ్మ కొత్త పలుపును మళ్ళీ చుట్ట చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా ఆమె రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేదని రామ్‌కిషన్ అనుకున్నాడు.

మర్నాడు ఆమె పనికి రాదేమోనని ఆశపడ్డాడు. ఎప్పటిలాగే వచ్చింది. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి తొట్టిలోకి దిగింది. రామ్‌కిషన్ కాసేపు అటూ ఇటూ తిరిగి దగ్గరికి వెళ్ళాడు. నిజం చెబుదామనే వెళ్ళాడు పాపం. నోరు తెరిస్తే మళ్ళీ అబద్ధమే వచ్చింది.

"బస్వమ్మా, నిన్న ఆ సంచిలయి ఒక రైతుకు ఇయ్యాల్సినయి..."

"చెప్పకన్నా," అంది బస్వమ్మ. తొట్టిలోంచి బయటికొచ్చి, మిగతావాళ్ళకు వినబడనంత మెల్లగా అంది. "నేను నీ ఫోన్‌కు కొడతననలే. వదిన ఫోన్‌కు కొడతనందామనే నోరు తెరిచిన. నువ్వు లేవంటివి. లేవన్నంక నేను వదిన పేరెత్తితె, నువ్వెందుకు లేవన్నవో, నీ ఖాతా సంగతేందో గంతమందిల బయట పడ్డట్టే గద. ఊకున్న."

రామ్‌కిషన్ తొట్టి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నీకెట్ల ఎరుక?"

"బ్యాంకోళ్ళు నీ ఇల్లు అడిగింది మా గల్లీలనే."

"ఇంకెవరికి ఎరుక?"

"ఎరుక లేనోళ్ళెవరని అడుగన్నా."

తొట్టిలో ఆడవాళ్ళు ఒక్కరూ తలెత్తలేదు. వంచిన తలలు వంచినట్టే ఉంచి అల్లం రుద్దుతున్నారు. టీ హోటల్లో మగవాళ్ళు గ్లాసుల్లోకి చూసేదీ సరిగ్గా ఇలాగే. మూడేళ్ళుగా తన ఉపన్యాసం విని జనం ఎందుకు తలూపారో రామ్‌కిషన్‌కు ఇప్పుడు తెలిసింది. ఊరంతా కలిసి ఆయన పరువు కాపాడుతూ వచ్చింది. ఆ పరువు కోసమే బస్వమ్మ నిన్న చేతికందిన బర్రెను వదులుకుంది. సిగ్గుతో ఆయనకు నిలబడ్డచోట నిలబడబుద్ధి కాలేదు.

అందరి ముందూ చొక్కా పైకెత్తి సంచి ముడి విప్పాడు. ఆమె ముందు పట్టాడు.

బస్వమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది కానీ సంచి ముట్టుకోలేదు.

"ఇప్పుడెందుకన్నా? ఆ బర్రె పాయె. మళ్ళ సంతకు పోదాం. ఈసారి వదినను గూడ తీస్కరా," అని తొట్టిలోకి దిగి, బుట్టలో మిగిలిన అల్లం నీళ్ళలో ఒంపుకుంది.