మొదటి పాట మా వాకిట్లోనే

డిసెంబరు వచ్చిందంటే మా ఊరి కబుర్లన్నీ చర్చి మైకులోనే వినాలి. గోడలకు సున్నం వేయడం అయిపోయింది, వెదురు బొంగుకు చుక్క కట్టారు, హైదరాబాదుకు పనికి పోయినవాళ్లు మక్తల్‌లో బస్సు దిగారు, ఆటో ఎవరైనా పంపండి. పండుగనాడు ఊరందరికీ చర్చి దగ్గరే భోజనం, పొయ్యి రాజేయకండి. ఇవన్నీ చెప్పే ఆయన మధ్యలో దగ్గితే ఆ దగ్గు కూడా మాకు వార్తే. మేము ఏనాడూ చర్చి మెట్లెక్కినవాళ్లం కాదు గానీ ఒక్క ముక్క పోకుండా వింటాం.

మాది గొర్లు కాసే ఇల్లు. చర్చి సందు మా వాడలో కలిసే మలుపులో ఉంటుంది. క్రిస్మస్‌కు ముందు ఇల్లిల్లూ తిరిగి పాడేవాళ్లు తొలి పాట మా వాకిట్లోనే పాడతారు. ఏ విశ్వాసుల ఇంటికీ దక్కని ఈ మర్యాద మాకెలా దక్కిందంటే, మా అత్తమ్మ కొట్లాడి తెచ్చుకుంది.

తెలంగాణ వచ్చిన ఏడే నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. ఆ డిసెంబరులో పాటగాళ్ల డప్పుకు గంప కింద ఉన్న గొర్రెపిల్లలు బెదిరి ఒకటే అరుపు. అత్తమ్మ కొంగు బిగించి వాళ్ల మీదికి పోయింది. ముందుండి పాడించే పెద్దమ్మ అత్తమ్మతో ఏళ్ల తరబడి ఒకే మడిలో నాట్లేసిన మనిషి. నవ్వుతూ నిలబడింది.

"కోపం చెయ్యకక్కా. జర విను. దేవుడు పుట్టిన ముచ్చట మొదాలు తెలిసింది గొర్లు కాసేటోళ్లకే. గదే పాడుతున్నం."

అత్తమ్మ వదల్లేదు. "మొదాలు మాకే తెలిస్తే మరి ఊరంత తిరిగి ఆఖరికి మా ఇంటికొస్తరేంది?"

మరుసటి ఏడాది నుంచి తొలి పాట మాది. అత్తమ్మ గొంగడి కప్పుకొని అరుగు మీద కూర్చునేది. గొర్లకాపర్లకు వార్త అందే చరణం రాగానే చెయ్యెత్తి, "మొదాలు మాకే" అనేది. ఆమె అనేదాకా వాళ్లు ఆగేవాళ్లు. కొత్తలో నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయ్యేది. రెండు మూడేళ్లకు నేను కూడా ఆ మాట కోసమే వాకిట్లో నిలబడ్డాను.

పోయిన వానాకాలంలో అత్తమ్మ చనిపోయింది. మాలో మనిషి పోతే ఏడాది నిండేదాకా పండుగ చేయం. బతుకమ్మ పేర్చలేదు, దసరాకు కొత్త బట్టల్లేవు, దీపావళికి దీపం పెట్టలేదు. మామ ఈ విషయంలో చాలా గట్టి మనిషి. పైగా ఆమె పోయినప్పటి నుంచి మాటే తగ్గించాడు. మా ఆయన మందతో కోసిన వరిచేల దిక్కు పోతే, ఈయన ఇంటి దగ్గర గొర్రెపిల్లలతో పొద్దు పుచ్చేవాడు. పిలిస్తే పలికేవాడు, అంతే.

అలాంటి మనిషి, ఈరోజు పాటలు మొదలని మైకులో చెప్పిన రోజు, వంటింటి గడప దగ్గరికొచ్చి అడిగాడు.

"ఛాయకు పాలున్నయా?"

నాకు అర్థమైంది. ఆయన వాళ్ల కోసం ఎదురుచూస్తున్నాడు. పెద్ద గిన్నె పెట్టి, అల్లం దంచి వేశాను. ఆయన అత్తమ్మ గొంగడిని దులిపి, మడత పెట్టి, అరుగు మీద ఆమె కూర్చునే చోట పెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు చర్చి దిక్కు నుంచి డప్పు వినబడింది. దగ్గరికొచ్చింది. సరిగ్గా మా మలుపు దగ్గర ఆగిపోయింది. పాట కూడా ఆగింది. గడప దాటి చూస్తే, అందరూ తలలు వంచుకొని మా ఇంటి ముందు నుంచి చప్పుడు చేయకుండా పోతున్నారు. ఏడాది నిండని ఇంటి ముందు డప్పు కొట్టకూడదని వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఈ మట్టిలో పుట్టినవాళ్లే కదా. మా మీద గౌరవంతోనే మమ్మల్ని దాటిపోతున్నారు.

"ఆగిందేంది?" అన్నాడు మామ. ఎవరూ జవాబు చెప్పకముందే తల దించుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మర్యాదకు కూడా ఒక హద్దుండాలి. పోయి సందుకు అడ్డంగా నిలబడ్డాను.

"పెద్దమ్మా, మా వాకిలి కండ్లవడ్తలేదా?"

"గట్లంటవేంది బిడ్డా. మీకింక ఏడాది నిండలె. మీ రివాజు మాకు తెల్వదా?"

"పండుగ మేం చేస్తలేం. నిజమే. మీరు తెచ్చేది వార్తనంటిరి గద. వార్త ఇననీకి ఏ రివాజు అడ్డమొచ్చింది? చావైన ఇంటికి మంచి కబురు రావద్దా?"

పెద్దమ్మ నన్ను దాటి మామను చూసింది. "ఏమంటవు బావా?"

మామ అరుగు మీద కొంచెం పక్కకు జరిగి, గొంగడి పక్కన ఆమెకు జాగా ఇచ్చాడు.

డప్పును గోడకు ఆనించారు. ఉత్త చప్పట్లతోనే పాడారు. నెమ్మదిగా, గొర్రెపిల్లలు బెదరకుండా. గొర్లకాపర్ల చరణం దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ అందరూ ఆగారు. ఆ ఖాళీ ఎవరిదో అందరికీ తెలుసు. నా గొంతు ఊరికంతా వినబడేంత పెద్దది. నేనే అందామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. గంప కింద పిల్ల ఒకటి అరిచి ఊరుకుంది.

అప్పుడు మామ, ఎవరి దిక్కూ చూడకుండా, గొంగడి మీద చెయ్యి వేసి అన్నాడు.

"మొదాలు మాకే."

పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని, పాటను అక్కడి నుంచే అందుకుంది.