వెర్లా నడిగీత దాటింది

డెల్బీ ఊళ్లో వెర్లా నూట్సన్ అంటే బడి వంటింట్లో గరిటె పట్టుకునే మనిషి అని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. అది వాళ్ల తెలివితక్కువతనం. అయోవా రాష్ట్రమంతా పనులు మానుకుని చూస్తుంటే, రాజధాని డిమోయిన్‌లో జరిగిన ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీలో కాపలా ఆడిన మనిషి ఆవిడ. మొక్కజొన్న పండే ప్రతి ఊళ్లోనూ ఆడపిల్లల ఆటకే జనం విరగబడేవాళ్లు. మగపిల్లల ఆట రోజున బల్లలు ఖాళీ. అబద్ధమైతే వాళ్లనే అడగండి.

ఆ ఆట తీరే వేరు. జట్టుకి ఆరుగురు. ముగ్గురు బుట్టలో వేసేవాళ్లు, ముగ్గురు కాపలావాళ్లు. మధ్యలో గీత. వీళ్లు అటు పోకూడదు, వాళ్లు ఇటు రాకూడదు. కాపలా పిల్లకి ఒకటే పని. ఎదుటి పిల్ల దగ్గర బంతి లాక్కుని, గీత దాకా తెచ్చి, అవతల ఉన్న తన వాళ్లకి అందించాలి. వెర్లా బళ్లో ఉన్నన్నాళ్లూ ఆడింది గానీ ఒక్కసారైనా బుట్ట వైపు బంతి విసరలేదు. అందుకు చిన్నబుచ్చుకోనూ లేదు. "వేసేవాళ్లకి పేపర్లో ఫోటోలు, మాకు మోచేతి దెబ్బలు" అని నవ్వేది. ఆవిడ కూతురూ కాపలాయే. కూతురి కూతురు జోలీన్ కూడా కాపలాయే. మంచి కాపలా. బంతి దాని దగ్గరికి వచ్చిందంటే ఇక అవతలివాళ్లది కాదు.

తొంభై మూడులో ఆ ఆట తీసేశారు. ఇక మీదట దేశమంతా ఆడినట్టే జట్టుకి ఐదుగురు, అందరూ అటూ ఇటూ పరుగెత్తాలి, అందరూ బుట్టలో వేయాలి అన్నారు. అలా అయితేనే మన పిల్లలకి కాలేజీ జట్లలో చోటు దొరుకుతుందట. నిజమే అయుండొచ్చు. కానీ చెప్పినవాళ్లు, గీత దాటమని కాళ్లకి ఎవరు చెప్పాలో చెప్పలేదు.

ఆ చలికాలం మొదటి ఆటలోనే జోలీన్ పరువు పోయింది. బంతి లాక్కుంది, పరుగెత్తుకొచ్చింది, గీత దగ్గర టక్కున ఆగింది. ఎవరికి అందిద్దామా అని చూస్తుండగానే వెనక నుంచి ఒకమ్మాయి వచ్చి బంతి ఊడలాక్కుపోయింది. కాసేపటికి మళ్లీ అంతే. ఆ తర్వాత కూడా అంతే. పక్క ఊరి కుర్రాళ్లు బల్లలెక్కి, "అక్కడేమైనా గోడ కట్టారా తల్లీ?" అని అరిచారు.

మర్నాడు బళ్లో మధ్యాహ్నం కారంగా వండిన మాంసం, చిక్కుడుగింజల కూర, పక్కన దాల్చినచెక్క రొట్టె. డెల్బీలో ఆ రెండూ కలిపి పెట్టకపోతే పిల్లలు అలుగుతారు. జోలీన్ పళ్లెం చాపింది గానీ దాని వైపు చూడలేదు.

"నేను మానేస్తున్నా అమ్మమ్మా. శుక్రవారం ఆటకి ముందే కోచ్‌కి చెప్పేస్తా."

"ఏం, కాళ్లు విరిగాయా?"

"విరిగినా బాగుండేది. గీత దగ్గరికి రాగానే నా మాట వినట్లేదు."

"ముందు తిను. ఆకలితో ఉన్నప్పుడు ఏదీ మానేయకూడదు."

"నవ్వులాట కాదు. నీకేం తెలుసు? నీకెప్పుడూ దాటే పని పడలేదు."

వెర్లా ఇంకో రొట్టె దాని పళ్లెంలో పెట్టి పంపేసింది. పిల్ల ఇప్పుడు మానేసిందంటే జన్మలో మళ్లీ బంతి ముట్టదు. మొండితనం ఎవరి పోలికో ఆవిడకి తెలియనిది కాదు.

సాయంత్రం కొట్టంలో మొగుడు హార్లన్ పాలు పితుకుతున్నాడు. వేసవిలో అతను రెండు బీళ్ల మధ్య ఆవులు దాటకుండా కట్టిన కరెంటు తీగ తీసేశాడు. తీగ పోయినా ఆవులు మాత్రం అది ఉండే చోటికి వచ్చి వరసగా నిలబడిపోయేవి. ఆ సంగతి వెర్లాకి అప్పుడు గుర్తొచ్చింది.

"వాటిని ఎలా దాటించావయ్యా?"

"తోస్తే కదల్లేదు. ఆ మూల మొండి ముసల్ది ఉంది చూడు, దానికి తాడేసి లాక్కుపోయా. అది అవతల గడ్డి పీకుతుంటే చూసి మిగతావి వచ్చాయి."

వెర్లా అతని వైపే చూస్తూ నిలబడింది.

"ఏమిటలా చూస్తావ్?"

"మొండి ముసల్ది అన్నావు."

"నిన్ను కాదే తల్లీ!"

"నన్నే అనుకో. అదే కావాలి ఇప్పుడు."

రాత్రి వంట మానేసి ఫోన్ పట్టుకుంది. ఊళ్లో ఒకప్పుడు కాపలా ఆడిన ఆడవాళ్లందరూ బుధవారం చర్చి ప్రార్థన అవగానే బడి ఆటగదికి రావాలి. తలా ఒక వంటకం తేవాలి. బుట్టలో వేసిన ఘనత ఉన్నవాళ్లు కూడా రావచ్చు గానీ బల్లల మీద నోరు మూసుకుని కూర్చోవాలి. కోచ్ డ్వేన్ పీటర్సన్ తాళం తీసి ఇచ్చాడు. కాదనడానికి లేదు, అతను తినేదీ ఆ వంటింటి తిండే.

మనవరాలిని వెర్లా బతిమాలలేదు. "మేము నవ్వులపాలవుతాం, వచ్చి నవ్వు" అంది. ఏ పిల్ల రాకుండా ఉంటుంది?

పాస్టరు గారు ఈల పట్టుకున్నారు. ఆట మొదలైంది. ధాన్యం కొట్టు బెర్నీస్ బంతి పట్టుకుని గుర్రంలా వచ్చి, గీత దగ్గర ఆగలేక ఆగి, చతికిలబడింది. ఇంకొకావిడ గీత మీదకి కాలివేలు పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకుంది. బల్లల మీద నవ్వులే నవ్వులు. జోలీన్ కూడా నవ్వుతోంది.

"పక్కకి తప్పుకోండి, నేను చూపిస్తా" అని వెర్లా బంతి అందుకుంది. నాలుగు అడుగులు వేస్తే అయిపోయే పని అనుకుంది. గీత దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. చెక్కనేల మీద నల్లరంగు, అంతే. అయినా ఎప్పటిదో ఈల చెవిలో మోగింది. ఇదే బాధ పిల్ల చెబితే తినమని సరిపెట్టానే అనుకుంది వెర్లా.

"తాడు తేనా?" అని హార్లన్ బల్ల మీద నుంచి అరిచాడు.

"నోర్ముయ్ ముసలాడా!"

ఆ కోపంలోనే దాటేసింది. బంతిని రొట్టెల పళ్లెంలా రెండు చేతులా కావలించుకుని గబగబా నడిచిపోయింది. పాస్టరు గారు ఈల ఊదారు.

"వెర్లా! బంతి నేలకి కొట్టకుండా నడిస్తే తప్పు!"

"ఊదుకోండి నాయనా. నేను ఇటొచ్చేశా."

అలాగే గురి చూసి విసిరింది. బంతి బుట్ట దరిదాపులకి పోలేదు. అడ్డంగా పోయి, గీతకి ఇవతల బల్ల మీదున్న పాస్టరు గారి కాఫీ ఒలకబోసింది.

"అయ్యో, మోచెయ్యి అలా కాదు అమ్మమ్మా!" అంటూ జోలీన్ బల్లల మీద నుంచి దూకింది. ఒలికిన కాఫీలోంచి బంతి తీసి, ఇవతలి వైపు నుంచి నేలకి కొట్టుకుంటూ వచ్చి, గీత దాటి, అమ్మమ్మ పక్కన నిలబడి విసిరింది. బంతి ఇనుప చట్రానికి తగిలి బయట పడింది.

"చూశావా? మణికట్టు ఇలా వంచాలి."

"ఏదీ, సరిగా కనబడలేదు. మళ్లీ అక్కణ్ణుంచి వచ్చి చూపించు" అంది వెర్లా.

జోలీన్ మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చింది. మూడోసారి సగం దారిలో కిందకి చూసుకుని, తను ఎక్కడున్నదీ గ్రహించి, అమ్మమ్మ మొహంలోకి చూసింది. వెర్లా కాఫీ మరకలు తుడిచే గుడ్డ కోసం వెతుకుతున్నట్టు నటించింది.

కోచ్‌కి జోలీన్ మానేస్తానని చెప్పనే లేదు. శుక్రవారం బరిలోకి దిగింది. మొదటిసారి గీత దగ్గర అడుగు తడబడింది, తడబడి దాటింది. విసిరినవి చాలానే పోయాయి, కొన్ని పడ్డాయి. డెల్బీ ఓడిపోయింది, అదీ చిత్తుగా.

ఇంటికి పోతుంటే ట్రక్కులో హార్లన్‌కీ వెర్లాకీ మధ్య కూర్చుని జోలీన్ దారి పొడుగునా రిఫరీని తిట్టింది. వాడికి కళ్లు లేవంది, మంగళవారం కూడా వాడే వస్తే ఊరుకోనంది, ఎడమ చేత్తో వేయడం రేపే మొదలుపెడతానంది. కిటికీ అద్దాల మీద మంచు పేరుకుంటోంది.

"ఆ మంగళవారం ఆట ఎన్నింటికే?" అని అడిగింది వెర్లా.