వాన ప్రశ్న

ఆ రోజు ఉదయం తలుపు తీసేసరికి చూరు కింద గిన్నెలు వరుసగా ఉన్నాయి. రాత్రి చినుకు మొదలవగానే మా అమ్మ బకెట్లు, బిందెలు అన్నీ పెట్టేసి, అవి చాలక కుక్కర్ కూడా తెచ్చి పెట్టింది. అదీ నిండి పొర్లుతోంది. దాన్ని చూసి నవ్వుకుంటున్నప్పుడే ఫోన్ మోగింది. మా మేడమ్ తమ్ముడు.

"అక్క పోయిందమ్మా. నిద్దట్లోనే. కాఫీ ఇద్దామని లేపితే లేయలేదు," అన్నాడు. ఆయన మాటల వెనకా వాన చప్పుడే. "సరే" అన్నాను. ఫోన్ పెట్టేశాక తెలిసింది, నా ముఖం మీద ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదని.

మేడమ్ అనంతపురంలో మాకు డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక బుక్కరాయసముద్రంలో తమ్ముడి ఇంట్లో ఉంటూ, వచ్చిన పిల్లలకు వచ్చినట్టు వసారాలో పాఠం చెప్పేవారు. కళ్లజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేవారు. చీర కొంగులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ముడి వేసి ఉండేది. ఇంట్లో బోర్డు లేకపోయినా ఆ అలవాటు పోలేదు. గచ్చు మీదే రాసి, కాలితో తుడిపేసేవారు.

నేను కాన్వెంటులో చదివి వచ్చినదాన్ని. సిస్టర్లు లైబ్రరీ తాళంచెవి నా చేతికే ఇచ్చేవారు కాబట్టి పుస్తకాలు చాలా చదివాను, మాట్లాడటం మాత్రం నేర్చుకోలేదు. మేడమ్ ప్రశ్న వేస్తే జవాబు తెలిసీ లేచి నిలబడి ఊరుకునేదాన్ని. "ఏమ్మా, గొంతు యాడ పెట్టొచ్చినావు?" అనేవారు. క్లాసు నవ్వేది. ఆమె నవ్వేవారు కాదు. నిజంగానే జవాబు కోసం కాసేపు చూసి, కూర్చోమనేవారు.

కవిత్వ లక్షణాల పేర్లు, వాటి నిర్వచనాలు పుస్తకంలో ఉంటాయి. మేడమ్ వాటితో ఎప్పుడూ మొదలుపెట్టలేదు. "ముందు అది మీ ఇంట్లో యాడుందో ఎతుక్కోండి. దొరికినాక పేరు చెప్తా," అనేవారు. ఒకే అక్షరం మళ్లీ మళ్లీ రావడాన్ని పాతూరులో కూరగాయల బండివాళ్ల కేకల్లో వెతకమన్నారు. ఒక అక్షరం తేలికగా, ఒకటి బరువుగా నడిచే ఇంగ్లీషు ఛందస్సు చెప్పాల్సి వచ్చినప్పుడు, ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చే నేతవాళ్ల అమ్మాయిని లేపి, మగ్గం చప్పుడు బల్ల మీద కొట్టి చూపించమన్నారు. దారం చుట్టిన నాడె అటూ ఇటూ పోయే చప్పుడు సన్నగా, తర్వాత దెబ్బ గట్టిగా. క్లాసంతా బల్లలు కొట్టాం. పక్క గదిలోంచి లెక్చరర్ తొంగిచూసి వెళ్లారు.

"ఇది కవిత్వమా మేడమ్? మా నాయనకు తెలిస్తే ఈ తూరి సేటు దగ్గర కూలి పెంచమంటాడు," అంది ఆ అమ్మాయి.

"అడగమను. నా పేరు చెప్పమను," అన్నారు మేడమ్.

ఛందస్సు అలా కుదిరింది. వాన దగ్గర మాత్రం కుదరలేదు.

రొమాంటిక్ యుగపు నవలలు చదువుతున్న రోజులవి. ఆ నవలల్లో ఎవరి మనసైనా విరిగితే చాలు, బయట వాన మొదలవుతుంది. మనిషి బాధను ఆకాశానికి, చెట్టుకు అంటగట్టి చెప్పడాన్ని పతెటిక్ ఫాలసీ అంటారు. మేడమ్ ఆ పేరు చెప్పకముందే ఒక పరీక్ష పెట్టారు. నవలలోని ఒక పేరా ఇచ్చారు. కిటికీ దగ్గర ఒకామె నిలబడి ఉంటుంది, బయట ఆగకుండా వాన. ఆమె మనసు ఎలా ఉందో రాయాలి. దానికి మేము పెట్టుకున్న పేరు వాన ప్రశ్న.

దాదాపు క్లాసంతా ఒకే జవాబు రాసింది. ఆమె చాలా సంతోషంగా ఉంది అని. ఒకమ్మాయి కారణం కూడా రాసింది: చెరువుకు నీళ్లొస్తాయి, బోరు ఎండదు, నాయన అప్పటికప్పుడే విత్తనం వేస్తాడు. మేడమ్ దాన్ని పైకి చదివారు. పిల్లలు నవ్వారు. ఆమె కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"తప్పేముంది మేడమ్? దినామూ వానబడే ఊర్లో ఉండి ఆమెకు ఏడ్సేదానికి ఏమొచ్చింది?" అంది ధర్మవరం అమ్మాయి.

"తప్పే. పెద్ద పరీక్షలో ఇట్ల రాస్తే సున్నా," అన్నారు మేడమ్. అలా రాసిన జవాబులన్నీ కొట్టేశారు.

నేనొక్కదాన్నే ఆ కిటికీ దగ్గరి మనిషి దుఃఖంలో ఉందని రాశాను. కాన్వెంటులో అలాంటి పుస్తకాలు చదివి ఉన్నాను కదా. నాకు మార్కులన్నీ వచ్చాయి. కానీ దుఃఖం అన్న మాట పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం ఉంది. సరైన జవాబుకు ప్రశ్నార్థకం ఎందుకో నాకు తెలియలేదు. అడుగుదామని స్టాఫ్ రూమ్ గుమ్మం దాకా వెళ్లాను. ఆమె తల ఎత్తి, "ఏమ్మా?" అన్నారు. "ఏం లేదు మేడమ్," అని వచ్చేశాను. తర్వాత చాలాసార్లు అదే జరిగింది.

ఈ మధ్యే నాకు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చింది. మొదటి పరీక్షకు ఏం ఇవ్వాలో తోచక మేడమ్ ప్రశ్నే ఇచ్చాను. పిల్లలు మా కంటే తెలివైనవాళ్లు, ఫోన్లో ప్రపంచమంతా చూస్తారు. అయినా సంతోషమనే రాశారు. వెనక బెంచీలో కూర్చునే ఒక్క అమ్మాయి తప్ప. ఆ అమ్మాయి గొంతు నేనింతవరకు వినలేదు.

ఆ కాగితాలు దిద్దలేకపోయాను. ఆ మార్కులు సెమిస్టర్లో కలుస్తాయి. సంతోషమని రాసినవాళ్లకు సున్నా వెయ్యడానికి చెయ్యి రాలేదు, వెయ్యకపోతే నేను చెప్పింది పాఠమే కాదు. చివరికి మేడమ్ పోయే ముందురోజు సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను.

"ఏం రాసినారు?" అన్నారు.

"మేం రాసిందే మేడమ్."

ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వారు. "మారలేదు సూడు. మంచిది."

"ఒక్కమ్మాయి మాత్రం దుఃఖమని రాసింది."

"అట్లనా," అన్నారు. "రేపు పొద్దున కాగితాలు తీసుకోనిరా. కూచోని మాట్లాడుకుందాం. మబ్బు పట్టుండాది, వానొచ్చినా రా."

నా ప్రశ్నార్థకం గురించి కూడా ఈసారి తప్పకుండా అడగాలనుకుని పడుకున్నాను. పొద్దున ఆ ఫోన్ వచ్చాక కూడా కాగితాల సంచి భుజాన వేసుకునే వెళ్లాను. దాన్ని ఇంట్లో పెట్టి రావాలని తోచలేదు.

మేడమ్‌ను వసారాలో పడుకోబెట్టారు. వాళ్ల పొలంలోనే పూడ్చిపెట్టే ఏర్పాటు జరుగుతోంది. ఆ ఏడాది అదే మొదటి మంచి వాన. వచ్చినవాళ్లు మేడమ్ కాళ్లకు దండం పెట్టి, కళ్లు తుడుచుకుని, బయటికి రాగానే ఆకాశం వైపు చూస్తున్నారు. ఎవరి ముఖం ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. నా ముఖం ఎలా పెట్టుకోవాలో కూడా.

పక్క పొలం పెద్దాయన మేడమ్ తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు. "ఏమప్పా, నేల పదునైంది. రేపటికి ఆరిపోతాది. ఇత్తనం యాడుంది?"

"ఇంట్లో సావు పెట్టుకోని ఇత్తనమేంది మామా."

"నీకు మైల. నువ్వు ముట్టొద్దు. నా గొర్రు కట్టి నేనే ఇత్తుతాలే."

"ఊరోళ్లేమనుకుంటారు?"

"ఊరోళ్లంతా సేన్లకు పోయినారు, ఎవుడున్నాడు అనుకునేకి? మీ అక్కే లేచిందంటే తిట్టదా, ఇంకా ఈడే కూచున్నారా అని?"

తమ్ముడు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఏడుస్తూనే లోపలికి వెళ్లి విత్తనాల మూట చూపించాడు.

మధ్యాహ్నం పొలానికి వెళ్లాం. వాన తగ్గింది గానీ సన్న చినుకులు ఆగలేదు. ఎర్రమట్టి చెప్పులకు అంటుకుని నడక బరువైంది. ఒక చివర మేడమ్ మీద మట్టి వేస్తున్నారు, ఇంకో చివర పెద్దాయన ఎద్దులను అదిలిస్తున్నాడు. రెండు చోట్లా అదే మట్టి వాసన. మేడమ్ ఉంటే దీనికి ఏ పేరు పెట్టేవారో. నాకు తెలిసిన లక్షణాలన్నీ వరుసగా గుర్తు చేసుకున్నాను. ఏదీ సరిపోలేదు.

నేను ఏడ్చానా అంటే చెప్పలేను. ముఖమంతా తడిసే ఉంది.

ఆదివారం కాగితాలు దిద్దాను. సంతోషమని రాసినవాళ్ల జవాబులు కొట్టేయలేదు. "ఇది మన వాన. ఆ పుస్తకంలో వాన వేరు. పెద్ద పరీక్షలో ఆ వానే రాయాలి," అని ప్రతి కాగితం మీదా రాసి, సగం మార్కులు వేశాను. మేడమ్ ఒప్పుకునేవారో లేదో తెలియదు. వెనక బెంచీ అమ్మాయి కాగితం ఆఖరున పెట్టుకున్నాను. మార్కులన్నీ వేశాను. వేశాక చూస్తే, దుఃఖం అన్న మాట పక్కన నా చెయ్యి ప్రశ్నార్థకం పెట్టేసింది. కొట్టేద్దామని కలం పెట్టి, కొట్టకుండానే వెనక్కి తీసుకున్నాను.

సోమవారం కాగితాలు పంచాను. ఆ అమ్మాయి చాలాసేపు కాగితం చూసుకుంది. గంట కొట్టాక అందరూ వెళ్లిపోయినా గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏమ్మా?" అన్నాను.

"ఏం లేదు మేడమ్," అంది.

"వచ్చి కూర్చో. ఆ ప్రశ్నార్థకం ఎందుకో నాకూ తెలీదు. ఇద్దరం చూద్దాం," అన్నాను. ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది. కిటికీ బయట ఎండ కాస్తోంది. ఇద్దరం ఆ పేరా మళ్లీ మొదటినుంచి చదివాం. చదువుతుంటే, పొలానికి తీసుకెళ్లే ముందు మేడమ్ ముఖం మీద చినుకులు పడకుండా పైన ఏదైనా పట్టుకుందామని నేను ఇల్లంతా వెతకడం గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో గొడుగు లేదు. మేడమ్ ఎన్నడూ కొననివ్వలేదట.