ఇరవై చుట్లు

"ఇంకా పదకొండు చుట్లే. అవి తిరిగితే నీ రెండొందలూ నీ చేతిలో పెడతా," అన్నాడు మా ఆయన.

"పెట్టినప్పుడు చూద్దాం లెండి. ముందు ఆ చారన్నం తినండి," అన్నాను నేను.

తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచి, సింకు దగ్గరే కూలిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. రాశావా, మేనకోడలా? నా మాట మెత్తగా మార్చకు. అన్నట్టే ఉంచు.

మీ నాన్న పిలిపిస్తే అమెరికాలో ఈ ప్లెయిన్స్‌బరో వచ్చాం. నేను ఈ అపార్ట్‌మెంట్లలో ఆఫీసులకెళ్ళే తల్లుల పసిపిల్లల్ని చూసుకునేదాన్ని. ఆ రెండొందల డాలర్లు అలా దాచినవే. మోకాళ్ళు పట్టేసి ఇండియన్ స్టోర్‌లో పని మానేశాక, ఫోన్లో కాసినో ఆడతానని ఆయన అవి అడిగి తీసుకున్నాడు.

నేను కందిపొడికి పప్పు వేయిస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని పాఠం చెప్పేవాడు. చేరినందుకు కొంచెం ఊరికే ఇచ్చేది ఒక బోనస్. ఆటలో బొమ్మల చక్రాలు ఊరికే తిప్పుకోనిచ్చేది ఇంకొకటి. మనం ఎంత వేస్తే అంత వాళ్ళూ వేసేది మూడోది. ఆయన తీసుకున్నది అదే. మన రెండొందలకి వాళ్ళ రెండొందలు.

"ఊరికే ఇస్తారా?" అన్నాను.

"ఇవ్వరు. ఆ రెండొందలకి ఇరవై రెట్లు పందెం కాసేదాకా డబ్బు తీసుకోనివ్వరు. మొక్కు ప్రదక్షిణలనుకో. ఇరవై చుట్లు పూర్తవ్వాలి. నేను పది సెంట్లే కాస్తాను. నెమ్మదిగా తిరిగితే కాళ్ళు నొప్పెట్టవు."

"మీ కాళ్ళకి అంత ఓపికే ఉంటే స్టోర్ ఎందుకు మానేశారు?" అన్నాను. నవ్వాడు.

ఆయన పోయాక నా మనసులో ఆ మొక్కు మాటే మిగిలింది. మొక్కుకున్న మనిషి పోతే ఇంట్లోవాళ్ళు తీర్చాలి కదా. నాకు అక్షరాలు కూడబలుక్కోవాలి గాని అంకెలు వచ్చు. కర్మకాండ అయ్యాక, రోజూ పొద్దున స్నానం చేసి ఆయన ఫోన్ తీసేదాన్ని. పదకొండు చింతగింజలు పెట్టుకుని, పందేలు రెండొందలకి చేరినప్పుడల్లా ఒక గింజ పక్కకి జరిపాను. ఆ తిరిగే చక్రాల మీద నాకు నమ్మకం లేదు. చిన్నప్పటి నుంచి పేక పట్టిన చెయ్యి నాది. అందుకని ముక్కలే ఆడాను.

పదకొండో గింజ కూడా జరిపి, డబ్బు అడిగే చోట నొక్కాను. ఇవ్వలేదు. అప్పుడు నిన్ను పిలిచాను.

నువ్వు వాళ్ళ షరతులన్నీ చాలాసేపు చదివావు. "అత్తా, స్లాట్స్, అంటే ఆ చక్రాలు అయితేనే ఫుల్‌గా కౌంట్ అవుతుంది. కార్డ్స్‌కి టెన్ పర్సెంటే," అన్నావు. అంటే నా పదకొండు చుట్లూ కలిపితే ఒక్క చుట్టు, కాస్త పైన. "అయినా మామయ్య అకౌంట్‌లో నువ్వు ఆడకూడదు. పోయారని వాళ్ళకి చెప్పాలి."

"అది సరే. ఆయన నిజంగా తొమ్మిది తిరిగాడా? నాకు అబద్ధం చెప్పాడా?"

"తొమ్మిదీ తిరిగారు. పది సెంట్లు, పది సెంట్లు. అంతా ఇక్కడుంది."

మరి నా డబ్బేదని అడిగాను. నువ్వు ఇంకా కిందికి జరిపి చదివి చెప్పావు. బోనస్ వద్దని వదిలేసుకుంటే మన సొంత డబ్బులో మిగిలింది ఏ రోజైనా ఇచ్చేసేవాళ్ళట. ఆయన చారన్నానికి లేచేటప్పటికి అది, గెలిచినదానితో కలిపి, రెండొందల పది. ఆ సంగతి ఆయనకీ తెలియదు. ఇప్పుడు నూట పన్నెండు.

తగ్గించింది నా పేకముక్కలే.

నేను ఆడింది కూడా దాచకుండా నువ్వు కంపెనీకి రాశావు. బోనస్ వదిలేశాం. మిగిలింది ఇస్తారో లేదో తెలియదు, ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఆయన చేతిలో పెడతానన్నది ఆ పూట ఆ ఫోన్లోనే ఉంది. పెట్టినప్పుడు చూద్దామన్న దాన్ని, చూడటం రాక పోగొట్టుకున్నాను.

ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు గుర్తులేదు. ఇంకొకరి నోట వింటే తెలుస్తుందేమో. నువ్వు రాసింది మొదటి నుంచి చదువమ్మా, నెమ్మదిగా.