ఓవర్ ద మూన్ అన్న రోజు

నాకు చదువు చెప్పింది బాపు. మా మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లకు చిన్నప్పుడే కాళ్లు పట్టేయడంతో బడి దాకా నడవలేకపోయాను. బాపు చేను నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, నాచేత దేవునికి దండం పెట్టించి, పాత ఇంగ్లీషు పుస్తకం విప్పేవాడు. అందులో గొప్ప సంతోషాన్ని చెప్పే మాటలంటే నాకు పిచ్చి. ఓవర్ ద మూన్, ఆన్ క్లౌడ్ నైన్, వాకింగ్ ఆన్ ఎయిర్. మబ్బుల్లో తొమ్మిదోదే ఎందుకో బాపుకూ తెలియదు. నడవలేని నాకు గాలిలో నడవడం మాత్రం మరీ మరీ నచ్చింది.

"చిన్న సంతోషాలకు వాడకు బిడ్డా. పెద్దది వచ్చినప్పుడే తియ్యాలె" అనేవాడు.

అయితే పెద్ద సంతోషాన్ని పైకి చెప్పడం మా ఇంట్లో లేదు. దిష్టి తగులుతుందని అవ్వ భయం. గొర్రెకు జంట పిల్లలు పుట్టిన రోజైనా, ఎట్లున్నరని ఎవరైనా అడిగితే "గట్లనే ఉన్నం" అని ఏ విశేషమూ లేనట్టు చెప్పాల్సిందే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఇంటి నుంచే పరీక్షలు రాసి డిగ్రీ తెచ్చుకున్నాను. బడి మెట్లెక్కని దానివి పాఠం ఏం చెబుతావని నాలుగు చోట్ల వద్దన్నారు. చిట్యాలలో ఒక చిన్న బడివాళ్లు మాత్రం పిలిచారు. అక్కడి పెద్ద మేడం నాతో పాఠం చెప్పించి విన్నారు.

"సోమవారం నుంచి రామ్మా. సంతోషమేనా?"

అంతకన్నా పెద్ద సంతోషం నాకెప్పుడూ రాలేదు. నోటికి మాత్రం అలవాటు మాటే వచ్చింది.

"గట్లనే ఉన్న మేడం."

ఆమె కలం కింద పెట్టేశారు. "ఇష్టం లేకుంటే జర ముందే చెప్పు తల్లీ. బయట ఇంకొకామె కూసున్నది."

చేతికందిన పని నా మాటతోనే జారిపోతోంది. తెలుగులో చెబుదామంటే అవ్వ భయం అడ్డం వచ్చింది. దిష్టికి ఇంగ్లీషు రాదు కదా అని తోచింది. దేవుణ్ణి తలుచుకుని బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాను.

"ఐ యామ్ ఓవర్ ద మూన్, మేడం."

అక్కడ ఆగితే బాగుండేది. ఇన్నేళ్లు దాచినవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. క్లౌడ్ నైన్ అన్నాను, సెవెంత్ హెవెన్ అన్నాను, గాలిలో నడుస్తున్నానని కూడా అన్నాను.

"సాలు సాలు, కిందికి దిగు. సంతకం వెట్టాలె గద" అంటూ మేడం నవ్వు ఆపుకోలేక రిజిస్టర్ నా వైపు తిప్పారు.

సంతకం వంకరగా పడింది. పక్క గదిలో పసిపిల్లలు ఒకటే గోల. సోమవారం నుంచి ఆ గోలంతా నాదే. ఎంత ఇచ్చాడో దేవుడు.